బీల మీద గుర్రాలు

"ఈ జాగా మనకొద్దు," అంది సూరమ్మ, రోడ్డు దిగకుండానే.

"నీకేటి తెలుసు? ఊరుకో," అన్నాడు కూర్మారావు.

ఆయన టాటానగర్‌లో గూడ్సు గార్డు. ఈ 1979 వానాకాలం వెళ్లేలోగా రిటైరవుతాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆదిత్యపూర్‌లో ఖర్కాయి ఏటి ఒడ్డున ఈ స్థలం చూసి, ఉన్నదంతా జేబులో పెట్టుకొచ్చాడు. ఆ డబ్బు కాస్తా పోతే మొగుడూపెళ్లాలకు తల దాచుకునే చోటు ఉండదు.

స్థలం అమ్మే బంగార్రాజు తెలుగులో పలకరించగానే "మనోడే!" అని మురిసిపోయాడు కూర్మారావు. పొద్దస్తమానం హిందీ వినే ప్రాణం మరి! ఏ ఊరని కూడా అడగలేదు.

"గట్టి నేలేనా బాబూ? ఈ మండుటెండల్లో గడ్డి మరీ నిగనిగలాడతంది," అంది సూరమ్మ.

"నడిసి సూపిత్తాను సూడండమ్మా." బంగార్రాజు చెప్పులు విప్పి ఆ చివరిదాకా చకచకా వెళ్లొచ్చాడు. పాదం దిగబడితే ఒట్టు.

"సూసేవా! నేల సంగతి గెడ్డపాడోడికి సెప్పాలేటే?" అని ఛాతీ విరుచుకున్నాడు కూర్మారావు.

సూరమ్మ నుదురు కొట్టుకుంది. అయిపోయింది, మొదలెట్టేశాడు! కాపరానికొచ్చిన నాటినుంచి వింటున్న కథే.

"మా ఊరి ముందర బీల ఉంది బంగార్రాజూ. పైన పచ్చగడ్డి, కింద ఊబి. ఎనకటికి రాళ్లకోటోళ్లు గుర్రాలేసుకుని మా మీదకొచ్చేరు. మావోళ్లు గుప్పెడుమంది. ఒట్టి కాళ్లతో ఆ బీల మీంచే పారిపోతన్నట్టు పరిగెట్టేరు. మనిసి బరువెంత, తేలిగ్గా దాటీసేరు. గట్టి నేలే గావాలనుకుని తరుముకొచ్చిన గుర్రాలు కడుపులదాకా దిగబడిపోనాయి. కత్తి దుయ్యకుండా యుద్ధం అయిపోనాది!"

"అబ్బో! ఏం తెలివండీ మీవోళ్లది!" అన్నాడు బంగార్రాజు.

కూర్మారావు ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఆ ఊపులోనే జేబులోంచి నోట్ల కట్ట తీశాడు.

సూరమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లకు ఆ కథ ఆమె చెవికెక్కింది.

"బాబూ, రోడ్డు మీదున్న నీ జీపు ఓపాలి లోపలికి తోలు. రేపు ఇటికల లారీ రావాల గదా, సూసుకుంటాం."

బంగార్రాజు నవ్వు ఆగిపోయింది. "జీపెందుకమ్మా? నేను నడిసేను గదా?"

"నడిసేవు. మావోళ్లూ నడిసేరు."

కూర్మారావు గడ్డివైపు చూశాడు, బంగార్రాజు ఒట్టి కాళ్లవైపు చూశాడు. నోట్ల కట్ట తిరిగి జేబులోకి పోయింది.

బంగార్రాజు కోప్పడలేదు. నింపాదిగా చెప్పులు తొడుక్కుని, సూరమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"మాది రాళ్లకోట తల్లీ. నీలాగ అడిగినోళ్లు ఆనాడు మాలో ఒక్కరున్నా, మా గుర్రాలు ఇంటికి తిరిగొచ్చీవి."