మీసాలాయన నిదానం

కారు మళ్లీ ఆగింది. మళ్లీ సంతే.

“దిగండి, దిగండి. ఇక్కడ వేయించిన బంగాళాదుంపలు బావుంటాయి,” అన్నాడు మీసాలాయన, స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లు విరుచుకుంటూ.

“ఎవరు చెప్పారు?” అంది భార్య.

“వాసన చెబుతోంది కదే.”

ఇది వింతే. మీసాలాయన దారిలో మంచినీళ్లకి కూడా బండి ఆపే రకం కాదు. ముందు ఏ బండి కనిపించినా దాన్ని దాటేదాకా ఆయనకి ఊపిరాడదు. ఓసారి పెళ్లికని బయల్దేరి, ఆ ఊపులో పెళ్లివారి ఊరు కూడా దాటేసి వెళ్లిపోయాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటివాడు ఇవాళ పొద్దుట్నుంచి ఒక క్యాబేజీ లారీ వెనక బుద్ధిమంతుడిలా వస్తున్నాడు. ఆ లారీ వెనక ‘దూరం పాటించండి’ అని రాసి ఉంది. వెనక సీట్లో కూర్చున్న ఆయన తల్లి ఆ మాటని జపంలా చదువుకుంటూ వస్తోంది.

పోనీ, తీరిక ఉందా అంటే అదీ లేదు. మీసం పందెంలో ఉంది.

పందెం బావమరిదితో. “ఆ డొక్కు కారు పాత ఇనుముకి ఇచ్చెయ్ బావా, మా ఊరిదాకా కూడా రాలేదది,” అన్నాడతను నలుగురిలో. మీసాలాయనకి రోషం వచ్చింది. “ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని దీపాలు పెట్టే వేళకి నీ గుమ్మం ముందు దిగుతాను. దిగకపోతే మీసం తీయించుకుంటాను,” అన్నాడు. బావమరిది ఏమన్నా తక్కువవాడా? దారిలో మెకానిక్కు చెయ్యి పడకూడదు, ఎవరూ దిగి తోయకూడదు అని షరతులు కూడా పెట్టాడు.

సంతలో బల్ల మీద దుంపలు పొగలు కక్కుతున్నాయి. ఆ పక్కనే క్యాబేజీ బుట్టలు దించుతున్నారు.

“మీసం లేకుండా మీరెలా ఉంటారో నేను పెళ్లినాడు కూడా చూడలేదు,” అంది భార్య ఉప్పు చల్లుకుంటూ. “ఒక్కసారి చూడాలని ఉంది.”

“నువ్వు నా పక్షమా, మీ తమ్ముడి పక్షమా?”

“ముందా కారం ఇటివ్వండి. తర్వాత చెప్తాను.”

“నాన్నా, పొద్దు వాలుతోంది,” అంది కూతురు. “కాస్త త్వరగా వెళ్లలేమా?”

“త్వరగా వెళ్లడం మన చేతుల్లో ఉందా తల్లీ?” అన్నాడు మీసాలాయన, ఇల్లూ వాకిలీ వదిలేసిన వేదాంతిలా.

రోడ్డు మీద హారన్ మోగింది. అంతే, చేతిలో దుంప చేతిలో ఉండగానే ఆయన పరుగందుకున్నాడు. వెనకే భార్య, కూతురు. వాళ్ల వెనక ముసలమ్మ, అప్పటికే బేరమాడి కొన్న బాతుని చంకలో ఇరికించుకుని. నిజానికి ముసలమ్మే ముందు చేరింది. బాతు కూడా ఆశ్చర్యపోయింది.

తర్వాతి ఊళ్లో ఉడకబెట్టిన మొక్కజొన్న. ఆ తర్వాతి ఊళ్లో వేయించిన చేపలు. భార్య ఒక గరిటె కొంది, ఒక జల్లెడ కొంది, ఇంట్లో ఎవరి తలకీ పట్టని టోపీ ఒకటి కొంది. ఎక్కడా కడుపు నిండా తిన్నది లేదు. సగంలో హారన్ మోగడం, మూతి తుడుచుకుంటూ పరిగెత్తడం.

“ఈ వాసన పీల్చాక నేనింక జన్మలో క్యాబేజీ వండను,” అంది భార్య కారెక్కుతూ.

“ఈ ప్రయాణంలో నాకు మిగిలిన లాభం అదొక్కటే,” అన్నాడాయన.

దారిన పోయేవాళ్లు ఆ కారుని ఆగి మరీ చూశారు. కొందరు నవ్వారు. మీసాలాయన అందరికీ ఎన్నికల్లో గెలిచినవాడిలా చెయ్యి ఊపాడు.

అక్కడ బావమరిది గేటు ముందు కుర్చీ వేయించి, పక్కన బార్బరుని నిలబెట్టి ఉంచాడు. మగ్గులో వేణ్నీళ్లు చల్లారితే మళ్లీ కాయిస్తున్నాడు. వీధి వీధంతా గోడల మీదకి ఎక్కింది.

ఆ వీధి మొదట్లో కారు ఒక్క నిమిషం ఆగింది. కూతురు దిగి, డిక్కీలో సామాను సర్ది, మళ్లీ ఎక్కింది. అక్కణ్నుంచి అంతా పల్లమే. మామూలుగా ఆ కారు వస్తోందంటే నాలుగు వీధుల అవతల పసిపిల్లలు నిద్రలేచి ఏడుస్తారు. ఇవాళ మాత్రం కొత్త పెళ్లికూతురిలా, అడుగుల చప్పుడైనా లేకుండా వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇంకా ఏ ఇంట్లోనూ దీపం పెట్టలేదు.

బావమరిది తెరిచిన నోరు మూయకుండానే కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు.

“ఇంత దూరం వచ్చినా వేడెక్కలేదేంటి బావా?”

“యజమాని చల్లని మనిషి,” అన్నాడు మీసాలాయన మీసం మెలేస్తూ.

“నీ మాట నేను నమ్మను. అత్తయ్యగారూ, మీరు చెప్పండి. దారిలో ఏం జరిగింది?”

ముసలమ్మ పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు.

“ఈ బాతు మీద ఒట్టు నాయనా,” అందావిడ. “మెకానిక్కు మొహం చూడలేదు. మాలో ఒక్కరూ దిగి తోయలేదు. నీ మీద కోపమో ఏమో, ఈ కారు చుక్క పెట్రోలు కూడా తాగలేదు.”

బావమరిది తల వంచుకున్నాడు. గోడల మీద జనం చప్పట్లు కొట్టారు. బార్బరు కత్తి మడిచి సంచీలో పెట్టేశాడు. మీసాలాయన ఆ కుర్చీలోనే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే క్యాబేజీ లారీ గేటు ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, “అయ్యా, పొద్దున మీ వీధి చివర్నుంచి ఇక్కడిదాకా మీ కారుని లాక్కొచ్చిన నా తాడు మీ డిక్కీలోనే ఉండిపోయిందండీ,” అనేసరికి, బార్బరు మళ్లీ సంచీ విప్పాడు.