వేళ్ళ మీద ఊదే మరమనిషి

పలాస జీడి షెడ్డుల్లో ఇప్పుడు పిక్కలు కొట్టేది మరమనుషులే. వాటికి పని నేర్పడానికే ఆడవాళ్ళను పెట్టుకుంటున్నారు. పక్కన కూర్చున్న మనిషి ఏం చేస్తే అవీ అదే చేస్తాయి. దాలమ్మ దగ్గరున్నది నెలలో పని నేర్చేసింది. కానీ దాలమ్మలాగే నాలుగు పిక్కలకోసారి ఆగి, పొట్టు ఎగరగొట్టే గొట్టంతో తన ఇనుప వేళ్ళ మీద ఊదుకునేది.

“జీడి సొన నీ ఏళ్ళని కాలుస్తాది గానీ దాన్ని కాదు గదా. టైము దండగ. అది మానీదాకా నువ్వూ ఊదకు,” అన్నాడు సూపర్‌వైజరు ఢిల్లేశు.

“మంట ఓర్సుకోనేను బాబూ.”

“అయితే ఇంకొకల్ని ఎట్టుకుంటాం.”

పన్నెండు రోజులు దాలమ్మ పళ్ళు బిగబట్టి కొట్టింది. వేళ్ళ తోలు ఊడిపోయింది, అయినా ఊదలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ చూస్తూ మరమనిషీ ఊదడం మానేసింది. పదమూడో రోజు ఢిల్లేశు వాచీ పట్టుకుని నిలబడితే గంటసేపు ఆగకుండా కొట్టింది.

“శభాష్!” అన్నాడు.

అప్పుడది సుత్తి కింద పెట్టి, దాలమ్మ చెయ్యి మెల్లగా అందుకుని, ఆ పుండ్ల మీద ఊదింది.

ఢిల్లేశు వాచీ వైపు చూసుకున్నాడు.

“చెయ్యి లాక్కో దాలమ్మా. ఇదీ మానిపించాల.”

చల్లబడుతున్న చేతిని దాలమ్మ వెనక్కి లాక్కుంది.