రోజూ అదే వాక్యం

తండ్రి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది కూతురు. మూడో చొక్కా కాలరు దగ్గర ఉండగా ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో ఒక బక్కపలచటి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

యుద్ధంలో అవతలి పక్షాన వైర్‌లెస్‌లో సందేశాలు పంపినవాణ్నని చెప్పుకున్నాడు. ఆ సందేశాల గుట్టు విప్పి పతకం తెచ్చుకున్నది ఈ ఇంటి పెద్దాయనే.

తండ్రి అతన్ని కూర్చోమనలేదు.

"ఓహో, ఆ బద్ధకిష్టివి నువ్వేనా" అని నవ్వాడు.

కూతురికి ఆ కథ కంఠతా వచ్చు. అవతలివాళ్లు రోజూ తెల్లారేసరికి సంకేతలిపి మార్చేసేవాళ్లు. లిపి మారినా ఇతను మొదట పంపేది మాత్రం ఒకటే వాక్యం, "వాతావరణం మామూలుగా ఉంది" అని. తెలిసిన ఆ వాక్యాన్ని అర్థంకాని అక్షరాల పక్కన పెట్టుకుంటే, ఏ అక్షరానికి బదులు ఏది వాడారో తేలిపోయేది. ఇక మిగతా సందేశాలన్నీ కాఫీ చల్లారేలోగా తండ్రి చేతిలో ఉండేవి.

వచ్చినతను తన సంగతి నెమ్మదిగా చెప్పాడు. ఎల్లుండి తనని సొంత దేశానికి పంపేస్తున్నారు. శత్రువుకి రహస్యాలు అందించాడని అక్కడ నేరం మోపారు. వెళ్తే ఉరే. యుద్ధంలో తమకి సాయం చేశాడని పెద్దాయన ఒక్క ముక్క రాసిస్తే, ఇక్కడే ఉండనిస్తారు.

"అది బద్ధకం కాదండీ. ఎవరో ఒకరు గెలిచి ఆ చావులు ఆగితే చాలనుకున్నాను. మీకు దొరకాలనే పంపేవాణ్ని."

"ఓడిపోయాక అందరూ ఇదే మాటంటారు. నీ సోమరితనానికి నేను సర్టిఫికెట్ ఇస్తే జనం నవ్వుతారయ్యా."

అతను టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

"రాసిస్తే మన సొమ్మేం పోయింది నాన్నా?"

"నీకు తెలీదులే. అక్కడ చొక్కా మాడుతోంది, చూసుకో."

రెండు వారాలకి పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు పడ్డాయి. ఉరి తీశారట. తండ్రి చదివి, పేజీ తిప్పి, భోజనానికి ఎంతసేపని అడిగాడు.

అన్నం ఉడికేలోగా కాస్త పని చేద్దామని కూర్చుంది కూతురు. తండ్రి రాస్తున్న జ్ఞాపకాల పుస్తకాన్ని శుభ్రంగా తిరగరాసే పని ఆమెదే. 'అవతలివాడి బద్ధకాన్ని నా తెలివి ఇట్టే పట్టేసింది' అన్న చోటికి వచ్చింది. తేదీ కోసం ఆయన యుద్ధకాలపు డైరీ తిరగేసింది.

రెండో నెలలో ఒక పేజీ. తండ్రి దస్తూరీయే.

"మొదటి వాక్యం మార్చకపోతే కాల్చేస్తామని నిన్న వాళ్ల అధికారి ఇతన్ని బెదిరించాడు. ఆ సందేశమూ మన చేతికి చిక్కింది. ఇవాళ తెల్లారి మళ్లీ అదే వాక్యం పంపాడు. ఇతను బద్ధకస్తుడు కాడు. ప్రాణాలకి తెగించి మనకి దారి చూపిస్తున్నాడు."

డైరీని ఆ పేజీ దగ్గర తెరిచి తండ్రి కంచం పక్కన పెట్టి, చెప్పులేసుకుని ఆమె ఇంట్లోంచి వెళ్లిపోయింది.