బానెట్ మీద టిష్యూ పాకెట్

చక్రధర్ జేబులోంచి టిష్యూ పాకెట్ తీసి, అటూ ఇటూ చూసి, కారు బానెట్ మీద పెట్టాడు.

"అదేంటి?" అంది భార్య భువన.

"చోప్ చేశా."

తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ టేబుల్ మీద టిష్యూ పాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తే, సింగపూర్‌లో ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు; చోప్ చెయ్యడమంటే అదే. అంతవరకూ బాగానే ఉంది. కారుకి కూడా అదే చట్టం వర్తిస్తుందని కనిపెట్టినవాడు మాత్రం మన చక్రధరే.

అలాంటిలాంటి కారా మరి! అరవై తొమ్మిదిలో అమెరికాలో తయారైన మజిల్ కారు. ముదురాకుపచ్చ రంగు, రెండే తలుపులు, బారెడు బానెట్. ఈ ద్వీపం మొత్తమ్మీద ఇదొక్కటే ఉందట. తణుకు హాస్టల్లో చదివే రోజుల్లో ట్రంకుపెట్టె మూత లోపల అతికించుకున్న బొమ్మ, ఇన్నేళ్ళకి ఊరి చివర మేకల ఫారాలుండే క్రాంజీలో ఓ రేకుల షెడ్డులో ఎదురుగా నిలబడేసరికి, బ్యాంకులో అందర్నీ గదమాయించే మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముందా మొహం మార్చుకోండి. ఓనరు చూస్తే ధర పెంచేస్తాడు," అంది భువన. ఆమె హ్యాండ్‌బ్యాగులో వాహన పూజకి నిమ్మకాయలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

బ్రోకరు ఉపేంద్ర ముందే చెప్పాడు, ఓనరు పదకొండుకి వస్తాడని, ఇంకో పార్టీ కూడా చూడ్డానికి రావచ్చని. అందుకే వీళ్ళు పదిన్నరకే దిగిపోయారు.

అంతలో ఒక పెద్దాయన వచ్చాడు. నిక్కరు, వెలిసిపోయిన టీషర్టు, రబ్బరు చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ సంచిలో కాఫీ. కారు చుట్టూ తిరిగాడు. వంగి కిందికి చూశాడు. టిష్యూ పాకెట్‌ని చూశాడు గానీ ముట్టుకోలేదు. నడుం ఎత్తుతూ "అమ్మయ్య" అన్నాడు.

"వచ్చాడమ్మా పోటీదారు! అదీ మనవాడే," అని గొణిగాడు చక్రధర్. గబగబా ఎదురెళ్ళాడు.

"తెలుగువారా అంకుల్? బండి కోసమేనా?"

"ఆఁ, దీనికోసమే బాబూ. మాది మండపేట. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయిందిలే. ఎలా ఉందంటావు బండి?"

గొంతుదాకా వచ్చిన పొగడ్తని చక్రధర్ మింగేశాడు.

"పై రంగు చూసి మోసపోకండి అంకుల్. లోపలంతా తుప్పు."

"అయ్యో! ఇంజను మంచిదన్నారే?"

"అది స్టార్టయిందంటే ఈ చుట్టుపక్కల మేకలు పాలివ్వడం మానేస్తాయి. పెట్రోలు తాగడం కాదు, స్నానం చేస్తుంది. పైగా ఇలాంటి పాత బండ్లని ఏడాదికి కొద్దిరోజులే రోడ్డెక్కనిస్తారు. మిగతా రోజులు తుడుచుకుంటూ కూర్చోవాలి."

"తుడుచుకోవడం మంచి కాలక్షేపమేగా!"

ఈయన లొంగేరకం కాదు. చక్రధర్ బ్రహ్మాస్త్రం తీశాడు.

"అసలు సంగతి చెప్పనా? ఈ బండి ఎవరికీ అచ్చిరాలేదు. ఓనరు నాకు బాగా తెలుసు. కొన్న ఏడాదే కాలు విరిగింది పాపం. ఇప్పుడు ఎవరో ఒకరికి అంటగట్టి చేతులు దులుపుకుందామని చూస్తున్నాడు."

"ఏ కాలు బాబూ?"

"ఎడమ కాలు."

పెద్దాయన వంగి తన ఎడమ కాలు ఓసారి నిమురుకున్నాడు. భువన మొగుడి నడుం మీద గట్టిగా గిల్లింది. వింటేగా!

"మరి ఇన్ని తెలిసీ నువ్వెందుకొచ్చావు?"

"మేమా? మేకల ఫారం చూడ్డానికి అంకుల్. ఎండగా ఉందని ఇక్కడాగాం. ఈ డొక్కు నాకు ఊరికే ఇచ్చినా వద్దు."

పెద్దాయన కారు వంక చాలాసేపు చూశాడు.

"మంచిమాట చెప్పావు బాబూ. అందరూ బాగుందనేవాళ్ళే గానీ ఇంత ఓపిగ్గా చెప్పినవాళ్ళు లేరు," అని ఫోను తీస్తూ బయటికి నడిచాడు.

"చూశావా? ఒక్క దెబ్బకి వికెట్టు పోయింది!" చక్రధర్ కారు చుట్టూ ఓ గంతు వేశాడు.

"పాపం, ఆయన మొహం చిన్నబోయింది. నాకేం బాగాలేదు," అంది భువన.

"బాధ తర్వాత పడుదువుగానీ, నిమ్మకాయలిలా ఇవ్వు." ఇంకా కొనకుండానే నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేశాడు మహానుభావుడు.

ఆఖరి నిమ్మకాయ దగ్గర ఫోను మోగింది. ఉపేంద్ర.

"సారీ సార్. ఓనరుగారు బండి అమ్మనంటున్నారు."

"అమ్మరా? ఎందుకని?"

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్! నిన్నటిదాకా ధర గొడవే లేదన్నారు. చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగినవాడు ఎవడైనా వస్తే, వాడు ఎంతిస్తే అంతకే ఇచ్చేస్తానన్నారు. ఇప్పుడేమో ఎవరో చెప్పారట, ఇది అచ్చిరాని బండని. తెలిసి తెలిసి ఒకరికి అంటగడితే పాపమట."

"ఎవడండీ ఆ దుర్మార్గుడు? వాడి నోరు పడిపోను!" చక్రధర్ కేకకి షెడ్డు రేకులు అదిరాయి.

భువన మాత్రం చెంపకి చెయ్యి ఆనించుకుని గుమ్మం వైపే చూస్తోంది.

పెద్దాయన లోపలికొచ్చాడు. బానెట్ మీది టిష్యూ పాకెట్ తీసి చక్రధర్ చేతిలో పెట్టాడు.

"నీదే అనుకుంటా, ఉంచుకో. మేకల ఫారం చాలా దూరం బాబూ, ఆడపిల్లతో ఎండలో ఏం నడుస్తారు, దింపుతాను ఎక్కండి," అంటూ నిక్కరు జేబులోంచి తాళంచెవి తీసి, డ్రైవరు తలుపు తెరిచాడు.