మలుపులో నిమ్మకాయలు

"మీవోణ్ణి నిచ్చెన దిగమనండి మేడం. కెమెరా తీసీత్తే మా పిల్లలు రోడ్డెలా దాటుతారు?"

పైన కుర్రాడు స్పీడు కెమెరా విప్పుతుంటే, పాస్టర్ శుభాకర్ కింద నిచ్చెన పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పెందుర్తిలో ఆయన చర్చి పక్కనే చిన్నపిల్లల బడి. హైవే మీద రద్దీ తప్పించుకోవడానికి స్టీలు లారీలన్నీ ఆ కాలనీ రోడ్డులోంచే దూసుకుపోతుంటాయి.

వార్డు ఇంజనీరు నీలిమ తొణకలేదు. "కెమెరా ఫొటో తీస్తుందండీ, బండిని ఆపదు. చలానా వచ్చేసరికి లారీ ఒడిశాలో ఉంటుంది. ఇక్కడ హంపులు వేయిస్తాను. రెండు పక్కలా మొక్కల తొట్లు పెట్టించి రోడ్డు ఇరుకు చేయిస్తాను. ఎంతటివాడైనా బ్రేకు తొక్కాల్సిందే."

"ఎప్పుడు?"

"వచ్చే వారం."

"మరి ఈ వారం?"

నీలిమ చేతిలో ఉన్న ఆర్డరు కాగితం చూపించింది. కెమెరా ఇవాళే వేరే చోటికి పోవాలి.

శుభాకర్ నిచ్చెన వదిలేశాడు. "సర్లెండి. ప్రార్థన సేసుకుంటాం."

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. రెండు రోజులాగి, హంపులకి కొలతలు తీసుకునే నెపంతో వచ్చింది. సరిగ్గా బడి వదిలే వేళ. ఎదురుగా లోడు లారీ.

బడి ముందు మలుపు దగ్గరికి రాగానే లారీ చీమలా పాకింది. రోడ్డు అంచుకి జరిగి, మెల్లగా చుట్టుతిరిగి వెళ్లి, పిల్లల్ని చూసి ఆగింది. వెనకాల ఆటోలూ, బైకులూ అంతే. పిల్లలు కబుర్లాడుకుంటూ రోడ్డు దాటేశారు.

నీలిమ డ్రైవరు దగ్గరికి వెళ్లింది. పేరు గవర్రాజట.

"ఏం బాబూ, ఇంత నెమ్మదిగా వెళ్తున్నావు?"

"అటు సూడండి మేడం. ఎవులో దిష్టి తీసి పడీసినారు."

రోడ్డు నడిమధ్య కోసిన నిమ్మకాయలు, కుంకుమ, పగిలిన గుమ్మడికాయ.

"చలానాకి లేని భయం నిమ్మకాయకా?"

"సలానా ఓనరు కట్టుకుంటాడు. ఇది తొక్కితే నాను కట్టుకోవాల. మా ఆడది నెలలు నిండి ఉంది."

పక్కన ఇడ్లీల బండి చిలకమ్మని అడిగితే చేతులు అడ్డంగా ఊపింది. "నాకేటి తెలుసమ్మా. నానొచ్చేసరికి రోజూ కొత్తవి ఉంటన్నాయి. అందరికీ నామీదే అనుమానం."

తన హంపులకన్నా ముందే బళ్లకి కళ్లెం వేసిన ఆ మనిషెవరో చూడాలనిపించింది నీలిమకి. మర్నాడు తెల్లారుతూనే స్కూటీ మీద వచ్చింది.

మలుపులో ఒకాయన తలకి తువ్వాలు చుట్టుకుని, గొంతుక్కూర్చుని నిమ్మకాయలు కోస్తున్నాడు. కోసినదానికల్లా శ్రద్ధగా కుంకుమ అద్ది రోడ్డు మీద పెడుతున్నాడు. స్కూటీ చప్పుడికి వెనక్కి తిరిగాడు.

పాస్టర్ శుభాకర్.

ఆయన ఎర్రటి వేళ్లు తువ్వాలుకి తుడుచుకుంటూ లేచి, గొంతు తగ్గించి అన్నాడు.

"హంపులు బేగి ఏయించండమ్మా. ఆదివారం నా ప్రసంగం మూఢనమ్మకాల మీద."