ముప్పావు గంట ఎక్కువ

"ఆ సంచి కాస్త జరిపితే నేనూ కూర్చుంటానమ్మా."

ఆమె సంచి ఒళ్లోకి తీసుకుంది. తెల్లజుట్టు పెద్దాయన ఎయిర్‌పోర్టు బెంచీ చివర సర్దుకున్నాడు.

ఆమెకు పెళ్లయి ఇరవై రెండు రోజులు. భర్త ఉద్యోగం సముద్రం అవతలి నగరంలో. శనివారం విమానంలో వస్తాడు, ఆదివారం వెళ్లిపోతాడు. మిగతా రోజులన్నీ ఫోనుతోనే కాపురం.

"ఎవరొస్తున్నారు?" అడిగాడు పెద్దాయన.

"మా ఆయన." ఆ మాట ఇంకా కొత్త. అందుకే మళ్లీ అంది. "మా ఆయన పన్నెండింటికి బయల్దేరారు. నాలుగు గంటల యాభై నిమిషాలు. దిగే వేళయింది."

"ఎవరు చెప్పారు?"

"పోయినవారం వెళ్లినప్పుడు నేనే లెక్కేశాను. టికెట్టు మీద రెండు ఊళ్ల టైములూ కలిసి అంతా తికమక."

"అది వెళ్లేటప్పుడు. వచ్చేటప్పుడు ఎదురుగాలి. ముప్పావు గంట ఎక్కువ పడుతుంది."

"మూడువేల ఆరువందల కిలోమీటర్లు. అటెంతో ఇటూ అంతే కదండీ?"

"దూరం అంతే. గాలికి ఆ సంగతి తెలియదుగా."

ఆమెకు నవ్వొచ్చింది. "మీవాళ్లెవరు వస్తున్నారు?"

"ఎవరూ రారమ్మా. ఎదురుచూడటం నేర్చుకుంటున్నా."

నవ్వు ఆగిపోయింది. సంచి తీసుకుని స్తంభం పక్కకు వెళ్లి నిలబడింది.

అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా మునివేళ్ల మీద లేచి చూసింది. అందరి మనుషులూ వచ్చారు, ఆమె మనిషి తప్ప.

సరిగ్గా ముప్పావు గంట తర్వాత విమానం దిగింది.

మరుసటి శనివారం కూడా ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. ముందే వచ్చేసింది. పెద్దాయన ఉన్నాడు.

"మళ్లీ తొందరపడ్డావా? కాసేపు నడుం వాల్చి రావాల్సింది."

పలకరిస్తే వదలడని, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంది.

భర్త బయటికొచ్చాడు. "చాలాసేపయిందా వచ్చి?"

"లేదు, ఇప్పుడే."

"అలా అనకు తల్లీ," వెనక నుంచి మెల్లగా అన్నాడు పెద్దాయన. "నిజమే అనుకుంటాడు. ఎంతసేపు కూర్చున్నావో చెప్పు."

ఆమె వినిపించుకోనట్టు నడిచింది. మాట మాత్రం వెంటే వచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర భర్తకు నిజం చెప్పేసింది. అతను మర్నాడు ఎయిర్‌పోర్టుకు వెళ్లేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

మూడో శనివారం ఆమె రెండు కాఫీలు కొంది. బెంచీ ఖాళీగా ఉంది.

నేల తుడుస్తున్న ఆవిడను అడిగింది. "ఇక్కడ కూర్చునే పెద్దాయన రాలేదా?"

"మంగళవారం పోయారమ్మా. నిద్రలోనే."

ఆమె రెండు కప్పులూ బెంచీ మీద పెట్టింది. "ఎవరూ రానప్పుడు ఇక్కడికెందుకు వచ్చేవారు?"

"ఆయన భార్య కూడా నీలాగే, వెళ్లేటప్పటి టైము లెక్కేసుకుని ముందే వచ్చి ఇక్కడే కూర్చునేది. ఆయనడిగితే ఇప్పుడే వచ్చానని చెప్పేది. ఆమె పోయాక ఆ సంగతి ఆయనకు నేను చెప్పాను. అప్పట్నుంచీ ఆయన రావడం మొదలెట్టారు."

"పాపం, తిరుగు ప్రయాణానికి ఎక్కువసేపు పడుతుందని ఆవిడకెవరూ చెప్పలేదా?"

తడిగుడ్డ బకెట్లో ముంచుతూ అందావిడ, "చెప్పాల్సినాయన ఆ విమానం నడుపుతూ ఉండేవారమ్మా."