మంచినీళ్లంటే నామోషీ

బిస్కెట్ డబ్బా అంత గాజుతొట్టి. అందులో ఉప్పునీళ్లు, ఒక పగడం, ఒక నత్త, ఒక నారింజ రంగు చేప. చేపగారు తనకు తానే సాగర్రావు అని పేరు పెట్టుకున్నాడు.

తొట్టి మరీ చిన్నది కదా, రోజూ కాసిన్ని నీళ్లు ఆవిరైపోయేవి. ఇంటావిడ పొద్దున్నే ఓ చిన్న కప్పుడు మంచినీళ్లు పోసి ఆ వెలితి పూడ్చేది. సాగర్రావుకి తల కొట్టేసినట్టయ్యేది.

"మాది సముద్ర వంశం అత్తా! మాకు మంచినీళ్లా? మేమేమన్నా బావిలో పుట్టామా?"

"ఆవిరయ్యేది నీళ్లురా అల్లుడూ, ఉప్పు కాదు. అది నీ గొప్పల్లాగే ఇక్కడే పేరుకుంటుంది," అంది గాజు మీది పాచి నాకుతున్న నత్త.

వింటేగా! మర్నాడు కప్పు కనబడగానే సాగర్రావు వెల్లకిలా పడి చచ్చినట్టు నటించాడు. మంచినీళ్లు పడట్లేదేమోనని ఆవిడ హడలిపోయి ఉప్పునీళ్లు కలిపి తెచ్చి పోసింది. అయ్యగారు లేచి గంతులేశాడు. ఇక రోజూ ఉప్పునీళ్లే.

వారం తిరిగేసరికి పగడం ముడుచుకుపోయింది. నత్త గాజు మీంచి జారి కిందపడింది. సాగర్రావుకి మొప్పలు మండిపోయాయి.

"అత్తా, చచ్చిపోతామా?"

"మేం పోతాం. నువ్వు ఉప్పుచేపవై నిలిచిపోతావులే," అని మూలిగింది నత్త.

అంతలో ఆవిడ ఉప్పునీళ్లతో రానే వచ్చింది. సాగర్రావు వెల్లకిలా పడ్డాడు. ఆవిడ బిత్తరపోయి, ఏమీ తోచక, పాత కప్పుతో మంచినీళ్లే పోసింది. సాగర్రావు ఎలాగో లేచి ఆ ధార కిందకి చేరి తోకాడించాడు.

"అబ్బో, ఎంత బాగా నటించావురా!" అంది నత్త.

"ఈసారి నటించింది లేవడం ఒక్కటే అత్తా," అన్నాడు సాగర్రావు.